మేనమామ పాటలు

'అన్‌ప్లగ్డ్' అనే ఆంగ్ల పదాన్ని తెలుగు చేద్దామని కూర్చుంటే ఒక పట్టాన కుదరదు. 'విద్యుద్రహితం' అంటే కరెంటాఫీసు వారి ప్రకటనలా ఉంటుంది. 'తీగ పీకిన పాట' అంటే తిట్టులా వినిపిస్తుంది. నిజానికి ఆ మూలపదంలోనే ఒక చిన్న అసత్యం ఉంది. 1989లో అమెరికాలో ఎమ్‌టీవీ వారు మొదలుపెట్టిన ఆ కార్యక్రమంలో ప్రతి వాయిద్యం ముందూ ఒక మైకు ఉంటుంది. నెత్తిన దీపాల వరుస, చుట్టూ కెమెరాలు, తెర వెనక ధ్వనిని సరిదిద్దే యంత్రాలు, అన్నీ కరెంటు మీద నడిచేవే. పక్కన పెట్టింది ఎలక్ట్రిక్ గిటారునీ, దాని నాదాన్ని ఉరుముగా మార్చే ఆంప్లిఫయరునీ మాత్రమే.

అయినా ఆ కాస్త తీసివేత వల్ల ఒక మేలు జరుగుతుంది. రాక్ సంగీతంలో హోరు చాలా లోపాలను కప్పిపెడుతుంది. బలహీనమైన బాణీనీ, పసలేని సాహిత్యాన్నీ, తడబడే వేళ్ళనీ ఆ హోరు కడుపులో దాచుకుంటుంది. అది తొలగిపోయాక పాట ఎముకలగూడులా మిగులుతుంది. అప్పుడు నిలబడితే పాట, లేకుంటే లేదు. ఈ ధారావాహికలో వచ్చిన ఆల్బములను మెచ్చుకునేవారు సాధారణంగా ఈ మాటే చెబుతారు. నేనూ కాదనను. కానీ నా మట్టుకు నాకు అంతకంటే ముఖ్యమనిపించే ప్రశ్న మరొకటి ఉంది. హోరు ఆగిన ఆ గంటసేపట్లో ఒక బృందం తన పాటలు కాక ఎవరి పాటలు పాడుతుంది? ఆ నిశ్శబ్దంలో ఎవరి పేరు తలుచుకుంటుంది?

సొంత విజయగీతాలనే మెల్లగా, మెత్తగా పాడి సరిపెట్టుకున్న బృందాలు చాలా ఉన్నాయి. వాటిలో వినసొంపైనవీ ఉన్నాయి. అయితే కాలానికి నిలిచినవి వేరు. 1993 నవంబరులో న్యూయార్కులో నిర్వానా బృందం ఈ కార్యక్రమం కోసం కూర్చున్నప్పుడు, కచేరీని ముగించడానికి కర్ట్ కొబేన్ ఎంచుకున్నది తన పాట కాదు. జైళ్ళలో మగ్గిన నల్లజాతి గాయకుడు లెడ్‌బెల్లీ పాడుతూ వచ్చిన ఒక పాత పాటను ఎంచుకున్నాడు. సియాటెల్ రాక్ హోరు వెనక ఒక పన్నెండు తీగల గిటారు ఉందని శ్రోతలకు ఆనాడు తెలిసివచ్చింది. ఈ కొలబద్దతోనే ఈ టపాలో మరొక ఆల్బము గురించి వ్రాయదలచుకున్నాను. అది దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు రాక్ బృందం 'లోస్ త్రేస్' 1995 సెప్టెంబరులో మయామీ నగరంలో వాయించి, 1996లో విడుదల చేసిన 'అన్‌ప్లగ్డ్'.

లోస్ త్రేస్ అంటే స్పానిష్ భాషలో 'ముగ్గురు' అని అర్థం. వేదిక మీద కనిపించేది మాత్రం నలుగురు. చిలీ దక్షిణభాగంలోని కొన్సెప్సియోన్ నగరంలో కలిసి పెరిగిన ఆల్వరో ఎన్రీకెస్, రొబెర్తో లిండ్ల్, ఫ్రాన్సిస్కో మోలినా మొదటి ముగ్గురు. వీరిలో ఎన్రీకెస్ గాయకుడు, పాటలు కట్టేవాడు. లిండ్ల్ బాస్ గిటారు, మోలినా డ్రమ్సు. తరువాత గిటారు వాద్యకారుడు ఆంఖెల్ పార్రా వచ్చి చేరినా పేరు మార్చుకోలేదు. 1991, 1993, 1995 సంవత్సరాల్లో వచ్చిన మూడు ఆల్బములతో వారు తమ దేశంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. అప్పటికి లాటిన్ అమెరికా కోసం ఎమ్‌టీవీ మయామీ నుంచి ప్రత్యేక ఛానెల్ ప్రారంభించి రెండేళ్ళయింది. ఆ వేదిక మీద అన్‌ప్లగ్డ్ వాయించిన తొలి చిలీ బృందం వీరిదే.

ఇక ఆ నాలుగోవాడి ఇంటిపేరు దగ్గర కాస్త ఆగాలి. స్పానిష్ సాహిత్యంతో పరిచయం ఉన్నవారికి పార్రా అనగానే రెండు పేర్లు గుర్తుకు రావాలి. ఒకరు వియొలేతా పార్రా. ఊరూరా తిరిగి వృద్ధుల నోట పాటలు సేకరించి, తానే గొప్ప పాటలు కట్టి, లాటిన్ అమెరికా అంతటా 'కొత్త పాట' ఉద్యమానికి తల్లివేరైన మహిళ. ఆమె 1967లో మరణించింది. మరొకరు ఆమె అన్న నికనోర్ పార్రా. కవిత్వానికి ఎదురు నిలిచే కవిత్వాన్ని 'ప్రతికవిత' అన్న పేరుతో వ్రాసి, 2011లో సెర్వాంతెస్ పురస్కారం పొంది, నూటమూడేళ్ళు బతికి 2018లో కన్నుమూసిన కవి. లోస్ త్రేస్ గిటారిస్టు ఆంఖెల్, వియొలేతాకు మనవడు. అతని తండ్రి పేరు కూడా ఆంఖెల్ పార్రాయే. ఆయన కూడా గాయకుడే. 1973 సైనిక కుట్ర తరువాత నిర్బంధ శిబిరంలో గడిపి, ఆపైన ప్రవాసం వెళ్ళినవాడు.

ఈ ఆల్బముకు ఆయువుపట్టు మాత్రం ఆ ఇంటి మూడో మనిషి. ఆయన పేరు రొబెర్తో పార్రా. 1921లో పుట్టిన ఈయన వియొలేతాకు తమ్ముడు. పెద్ద ఆంఖెల్‌కు మేనమామ, చిన్న ఆంఖెల్‌కు తాత వరుస. చిలీ జనం ఆయన్ని 'తీయో రొబెర్తో' అంటారు. 'తీయో' అంటే మేనమామ, బాబాయి, పెదనాన్న ఎవరైనా కావచ్చు. మన వరుసల్లో చెప్పాలంటే మేనమామ అనడమే సబబు. అన్నగారు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తున్న కాలంలో ఈ తమ్ముడు రేవుపట్టణాల్లోని మద్యశాలల్లో, వేశ్యావాటికల్లో గిటారు వాయించి పొట్ట పోసుకున్నాడు. పాత జాజ్, ఫాక్స్‌ట్రాట్ బాణీలను తన పద్ధతిలో కలిపి 'జాజ్ గ్వచాకా' అని పేరు పెట్టుకున్నాడు. గ్వచాకా అంటే చిలీ వాడుకలో బీదాబిక్కీ, తాగుడు బాపతు అన్న అర్థం వస్తుంది. పెద్దమనుషులు తిట్టుగా వాడే మాటను ఆయన తన సంగీతానికి బిరుదుగా తగిలించుకున్నాడన్నమాట.

ఆయన కట్టిన వాటిలో ముఖ్యమైనవి 'క్వేకా'లు. క్వేకా అంటే చిలీలో పాట, ఆట రెండూను. స్త్రీ పురుషులిద్దరు చేతిరుమాళ్ళు ఊపుతూ, ఒకరి చుట్టూ ఒకరు అర్ధచంద్రాకారంలో తిరుగుతూ ఆడతారు. పద్యప్రియులైన మన బ్లాగ్మిత్రుల కోసం దీని నిర్మాణం కొంచెం చెబుతాను. మొదట ఎనిమిదేసి అక్షరాల పాదాలు నాలుగు వస్తాయి. తరువాత ఏడు, అయిదు అక్షరాల పాదాలు ఒకదాని వెంట ఒకటిగా నడుస్తాయి. చివర ద్విపదలాగా రెండు పాదాలతో ముగింపు. తాళం విషయానికి వస్తే, ఆరు మాత్రలను ఒకసారి మూడు-మూడుగానూ, మరొకసారి రెండు-రెండు-రెండుగానూ విరుస్తారు. గొంతు ఒక విరుపు మీదా గిటారు మరొక విరుపు మీదా నడుస్తూ ఉంటే, కాలు ఎక్కడ వేయాలో తెలియని ఒక తియ్యని సందిగ్ధం కలుగుతుంది. రొబెర్తో కట్టిన క్వేకాలకు 'క్వేకా చోరా' అని పేరు. వాటిలో పల్లెసీమల అందచందాలు ఉండవు. దొంగలు, ఖైదీలు, నావికులు, రాత్రి బతుకుల ఆడవాళ్ళు ఉంటారు. వారి మీద జాలి చూపుతున్నట్టు ఉండదు. తన వాళ్ళ గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర తెలియకపోతే ఈ ఆల్బములోని సాహసం అర్థం కాదు. 1973లో అధికారం చేజిక్కించుకున్న పినోచెట్ సైనిక ప్రభుత్వం 1979 సెప్టెంబరులో ఒక డిక్రీ ద్వారా క్వేకాను చిలీ జాతీయనృత్యంగా ప్రకటించింది. పాఠశాలల్లో, ఉత్సవాల్లో కనిపించిన ఆ జాతీయ క్వేకా శుభ్రమైనది. వెడల్పాటి టోపీ, మెరిసే తోలుబూట్లు, భుజాన రంగుల శాలువా వేసుకున్న కామందు ఒకవైపు, పూల పావడా కట్టిన పడుచు మరొకవైపు. రేవులోని ఖైదీకి, వేశ్యకు ఆ చిత్రంలో చోటు లేదు. ఆ డిక్రీకి ఏడాది ముందే, 1978లో, సైనికులు పట్టుకుపోగా ఆచూకీ లేకుండా పోయినవారి భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు వేదిక మీదికి వచ్చి ఇదే క్వేకాను ఒంటరిగా ఆడారు. ఎదుట ఉండవలసిన పురుషుడి చోటు ఖాళీ. చేతిలో రుమాలు, రొమ్ము మీద అతని ఛాయాచిత్రం. ఒకే నృత్యం ప్రభుత్వం చేతిలో జెండా అయింది, ఈ స్త్రీల చేతిలో అభియోగపత్రమైంది. కాబట్టి 'మన జానపదం' అని ఎవరైనా గుండె మీద చేయి వేసుకున్నప్పుడు, ఆ 'మన'లో ఎవరెవరున్నారని అడగక తప్పదు.

1988 అక్టోబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో చిలీ ప్రజలు పినోచెట్‌ను వద్దన్నారు. రెండు నెలలు తిరిగేసరికి, డిసెంబరులో, ఆంద్రేస్ పేరేస్ అనే దర్శకుడు 'లా నెగ్రా ఎస్తెర్' అన్న నాటకాన్ని ప్రదర్శించాడు. సాన్ ఆంతోనియో రేవులో ఒక వేశ్యతో తన ప్రేమకథను రొబెర్తో పార్రా పదేసి పాదాల పద్యాల్లో చెప్పుకున్న కావ్యమే దానికి మూలం. అది చిలీ రంగస్థల చరిత్రలో అత్యంత ప్రజాదరణ పొందిన నాటకాల్లో ఒకటిగా నిలిచింది. ఆ నాటకపు వాద్యబృందంలో ఆల్వరో ఎన్రీకెస్ ఉన్నాడు. అంటే రాక్ గాయకుడికి ఈ మేనమామ పాటలు ఏ గ్రంథాలయంలోనో దొరికినవి కావు, పక్కన కూర్చుని వాయించగా వంటబట్టినవి. గిటారిస్టుకైతే అవి ఇంటి పాటలే.

రొబెర్తో పార్రా 1995 ఏప్రిల్‌లో మరణించాడు. అయిదు నెలల తరువాత మయామీలో కెమెరాలు తిరుగుతున్నాయి. ఒక చిన్న దేశపు బృందానికి ఖండమంతా వినే అవకాశం అదే మొదటిసారి. ఎవరైనా ఏం చేస్తారు? ఉన్న సమయమంతా సొంత పాటలకే కేటాయించుకుంటారు. వీరు మాత్రం ఆ కాలంలో కొంత తీసి, పోయిన మేనమామవి మూడు పాటలు పాడారు. వాటిలో క్వేకా ఉంది, ఫాక్స్‌ట్రాట్ ఉంది. వీటితోపాటు చిలీలో పాతతరం ప్రేమగీతాల గాయకుడు బడీ రిచర్డ్ పాట ఒకటి ఎత్తుకున్నారు. 'లా నెగ్రా ఎస్తెర్' సంగీతంలో పాలుపంచుకున్న కూతీ ఆస్తే అకార్డియన్ పట్టుకుని పక్కన నిలిచాడు. ఆంతోనియో రెస్తూచీ అతిథిగా గిటారు అందుకున్నాడు.

ఆల్బము వింటున్నప్పుడు నాకు అన్నిటికంటే నచ్చేది ఆ పాటలను కూర్చోబెట్టిన తీరు. 'ఇప్పుడు మీకు ఒక జానపదం వినిపిస్తాము' అన్న మ్యూజియం ధోరణి ఎక్కడా లేదు. ఎన్రీకెస్ గొంతు కాస్త ముక్కుతో పలికే పొడి గొంతు. క్వేకా పాడేటప్పుడు ముసలివాడి బొంగురు తెచ్చిపెట్టుకోడు, పల్లెటూరి యాస నటించడు. తన ప్రేమగీతాన్ని ఏ గొంతుతో పాడాడో మేనమామ పాటనూ అదే గొంతుతో పాడతాడు. ఫలితంగా ఒక విచిత్రం జరుగుతుంది. క్వేకా విన్న చెవులతో మళ్ళీ వారి సొంత పాటల దగ్గరికి వెళితే, అందులోని ఆ పదును, ఆ వెక్కిరింత, ప్రేమను ప్రమాదంలా చూసే ఆ చూపు ఎక్కడివో తెలుస్తాయి. బీటిల్స్ దగ్గర నేర్చుకున్నారని మనం అనుకునే వారి కంఠధ్వని వెనక మరొక కంఠం వినిపిస్తుంది. రాక్ ఆల్బము నడిబొడ్డున క్వేకా పెట్టడం కంటే, రాక్ పాటలోనే క్వేకా ఉందని వినిపించడం ఎక్కువ కష్టమైన పని.

దీని మీద వచ్చే ఆక్షేపణలను కూడా చూడాలి. మొదటిది శుద్ధవాదులది. ఖైదీల పాటను అమెరికా వ్యాపార ఛానెల్ వేదికెక్కించి, ప్రకటనల మధ్య ఇరికించారని వారి బాధ. ఇందులో కొంత నిజం ఉంది. అయితే రొబెర్తో పాటలు పుట్టింది దేవాలయంలో కాదు. తాగినవాడు విసిరిన చిల్లర కోసం పుట్టాయి. వాటికి వ్యాపారం కొత్త కాదు, కొనేవాడు మారాడు, అంతే. వ్యాపారపు అంటు సోకని స్వచ్ఛమైన జానపదం అనే ఊహ నిజానికి 1979 నాటి డిక్రీకి దగ్గర చుట్టం. రెండు చోట్లా పాట నుంచి దాని అసలు మనుషులను కడిగివేయడమే జరుగుతుంది.

రెండవ ఆక్షేపణ నాది. ఈ ఆల్బమును పొగిడేవారు తరచూ 'క్వేకాను రక్షించారు' అంటారు. ఈ మాట నాకు మింగుడుపడదు. లోస్ త్రేస్ వచ్చేదాకా క్వేకా మూలుగుతూ పడిలేదు. శాంటియాగో సంతల్లో, కబేళాల వీధుల్లో 'లోస్ చిలెనెరోస్' వంటి గాయకులు దాన్ని పాడుతూనే ఉన్నారు, 1960లలోనే రికార్డులు కూడా ఇచ్చారు. పెద్ద ఆంఖెల్ పార్రా తన మేనమామతో కలిసి సైనిక కుట్రకు ముందే ఈ పాటలను రికార్డు చేశాడు. ప్రాణంతో ఉన్నదాన్ని రక్షించామనడం, పాడుతున్నవాడి నోరు మూసి అతని తరఫున మాట్లాడడం వంటిది. ఈ యువకులు చేసింది రక్షణ కాదు, పరిచయం. తలుపు తీసి 'లోపల మా పెద్దాయన ఉన్నాడు, రండి' అన్నారు. తలుపు తీసిన మర్యాద వారికి దక్కాలి, ఇల్లు కట్టిన గౌరవం మాత్రం పెద్దాయనకే చెందాలి.

ఒక లోటు కూడా చెప్పి తీరాలి. రొబెర్తో స్వయంగా పాడిన రికార్డులలో శ్రుతికి అటూఇటూ ఊగే గొంతు ఉంటుంది, గిటారు మీద మొరటు దెబ్బ ఉంటుంది. మయామీ స్టూడియోలోని నునుపులో ఆ గరుకుదనం చాలావరకు పోయింది. ఈ ఆల్బము దగ్గరే ఆగిపోయిన శ్రోతకు మేనమామ కాస్త తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కనబడతాడు. అందుకే దీన్ని విన్నవారు తప్పనిసరిగా రొబెర్తో గొంతు కూడా వెతుక్కుని వినాలని నా మనవి.

దీని ఫలితం ఏమిటంటే, మరుసటి ఏడాదే, 1996 సెప్టెంబరు స్వాతంత్ర్య వేడుకలకు, బృందంవారు 'లా యెయిన్ ఫోండా' అన్న పేరుతో ఒక ఉత్సవం నిర్వహించారు. 'ఫోండా' అంటే ఆ పండుగ రోజుల్లో తిండికీ, తాగుడుకూ, ఆటపాటలకూ వేసే పందిరి. హాలీవుడ్ నటి జేన్ ఫోండా పేరు మీద చమత్కారం. రాక్ వినడానికి వచ్చిన కుర్రకారు అక్కడ క్వేకా ఆడారు. ఆ తరువాతి దశాబ్దంలో నగరాల్లో క్వేకా పాడే యువబృందాలు ఎన్నో పుట్టుకొచ్చాయి. ఆ యువకులలో చాలామందికి క్వేకా అంటే బళ్ళో నేర్పిన కవాతు లాంటి నృత్యం. దానికి ఇంకో ముఖం ఉందని, అది నవ్వగలదని, బూతులాడగలదని, ఏడవగలదని తెలిసింది ఇటువంటి తలుపుల గుండానే. ఎరువిచ్చినవాడికి కూడా ఎరువిచ్చేవారు ఉంటారు. మెక్సికోకు చెందిన కఫే తకూబా బృందం 2002లో లోస్ త్రేస్ పాటలు నాలుగింటిని తమ పద్ధతిలో పాడి ఒక చిన్న ఆల్బముగా విడుదల చేసింది. మేనమామ పేరు చెప్పినవారి పేరు మరొకరు చెప్పుకున్నారు.

నేను స్పానిష్ పండితుణ్ణి కాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, పదం పదం కూడబలుక్కుని ఈ పాటలు వినేవాణ్ణి. అయినా ఇంత దూరాన తెలుగువాడిగా ఇవి నన్ను పట్టుకోవడానికి కారణం ఉంది. మన దగ్గర పొలంలోనో, జాతరలోనో పుట్టిన బాణీ సినిమా కెక్కినప్పుడు పేర్ల పట్టికలో 'జానపదం' అన్న ఒక్క మాట కనబడుతుంది. ఆ మాట వెనక ఎవరి గొంతు ఉందో తెలియకుండా పోతుంది. జానపదాన్ని ఎవరూ కట్టలేదనుకోవడం ఎంత సుఖమో! అప్పు ఇచ్చినవాడికి పేరు లేకపోతే తీర్చవలసిన పనే ఉండదు. లోస్ త్రేస్ 'ఇది చిలీ జానపదం' అని ఊరుకోలేదు. ఇది రొబెర్తో పార్రాది అన్నారు. పేరున్న మనిషి, ఒక రేవులో ఒక స్త్రీని ప్రేమించిన మనిషి, అయిదు నెలల క్రితం పోయిన మనిషి.

హోరు తగ్గించి వాయించడం ఎవరికైనా వస్తుంది. హోరు తగ్గిన ఆ కాసేపట్లో తమ కంటే ముందు పాడినవాడికి కుర్చీ వేయడం అందరికీ రాదు. ఈ ధారావాహికలో వచ్చిన వాటిలో ఇంతకంటే తీయని ఆల్బములు ఉన్నాయి, ఇంతకంటే ఎక్కువ అమ్ముడుపోయినవీ ఉన్నాయి. ఇంత నిజాయితీ ఉన్నవి మాత్రం నాకు తెలిసి తక్కువే. వీలు చూసుకుని వినండి. విన్నాక మీకు నచ్చిన ఏ పాటకైనా మేనమామ ఎవరో ఒకసారి ఆరా తీయండి. పేరు దొరికితే దాన్ని పదిమంది వినేలా పలకండి.